మాస్టర్ ప్లాన్ నోటీసు పడ్డదా? గడువు దాటకముందే చేయాల్సిన పని

పేపర్ లోపలి పేజీలో, టెండర్ ప్రకటనల పక్కన, చిన్న అక్షరాలతో పడుతుంది: "ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై అభ్యంతరాలు, సూచనలు స్వీకరించబడును." ఊళ్లో పదిమంది కూడా చదవరు. చదివినవాళ్లలో సగం మంది అది పెద్దోళ్ల వ్యవహారమని పేజీ తిప్పేస్తారు. ఆ గడువు గడిచాక, మన పొలం మీదుగా రోడ్డు గీత పోయిందనో, ఇంటి వెనక జాగ ఇండస్ట్రియల్ జోన్‌లో పడిందనో తెలిసినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరుగుడు మొదలవుతుంది.

నేను నీటిపారుదల శాఖలో ట్రేసర్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. పాకాల ఆయకట్టు కాల్వల నుంచి ఊరి కుంటల దాకా ఉద్యోగమంతా నక్షలు గీయడమే. ఇప్పుడు వరంగల్ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీలో ఉంటున్నాను. వాడకట్టు వాళ్లు, చుట్టాలు, పక్క ఊళ్ల రైతులు ప్లాను కాగితాలు పట్టుకొచ్చి "ఇందులో ఏమున్నదో చూడు" అంటారు. వాళ్లకు కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. అధికారులకు కాగితం, కంప్యూటర్ తెలుసు. వానకాలంలో నీళ్లు ఎటు పోతాయో, బండ్ల బాట ఎక్కడ మలుగుతదో తెలిసింది మనకు. ఆ తెలివి గడువు లోపల, సర్వే నంబరుతో, కాగితం మీద ఆఫీసుకు చేరితేనే లెక్కలోకి వస్తుంది.

ముందు అది ఏ ఫైలో తేల్చుకోండి

"ప్లాన్ వచ్చింది" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, ఫైళ్లు మూడు రకాలు. దేని దారి దానిదే.

మొదటిది మాస్టర్ ప్లాన్. ఊరు రాబోయే ఇరవై ఏళ్లలో ఎటు పెరగాలి, ఎక్కడ ఇండ్లు, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ ఫ్యాక్టరీలు, ఏ రోడ్డు ఎన్ని ఫీట్లు అని మొత్తం ఊరికి గీసే పటం. మామూలు మున్సిపాలిటీకైతే డీటీసీపీ, అంటే పట్టణ గ్రామీణ ప్రణాళిక శాఖ ద్వారా తయారవుతుంది. పాలకవర్గం తీర్మానం చేస్తుంది, ముసాయిదా ప్రజల ముందుకు వస్తుంది, చివరికి ప్రభుత్వం ఆమోదిస్తుంది. వరంగల్, హన్మకొండ, కాజీపేట, వాటి చుట్టూ ఉన్న ఊళ్లయితే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, మనమంతా కుడా అనేది, దాన్ని చూస్తుంది. దాని చట్టం వేరు, 1975 నాటిది. మీ ఊరు కుడా పరిధిలో ఉందో లేదో ముందు అడగండి. ఎవరికి రాయాలో దాన్ని బట్టే తేలుతుంది.

రెండోది భూ వినియోగ మార్పిడి. ఆఫీసుల్లో సీఎల్‌యూ అంటారు. మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్‌లో ఉన్న కొన్ని ఎకరాలను ఒక యజమాని నివాస జోన్‌కు మార్చమని అడుగుతాడు. మున్సిపాలిటీ, డీటీసీపీ నివేదికలు పోయాక మున్సిపల్ శాఖ ముసాయిదా ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తుంది. ఈ గడువు మాస్టర్ ప్లాన్ గడువు కంటే చాలా తక్కువ ఉంటుంది. ప్రకటనలో ఉన్న తేదీని క్యాలెండర్ మీద అదే రోజు గుర్తు పెట్టుకోండి.

మూడోది లేఔట్, అంటే భూమిని ప్లాట్లుగా విడగొట్టి అమ్మడం. దీనికి పేపర్లో అభ్యంతరాల ప్రకటన వస్తుందని ఎదురుచూడకండి. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం, అంటే ఇండ్ల, లేఔట్ల అనుమతుల చట్టం తర్వాత దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే పోతున్నాయి. సింగిల్ విండో అనుమతులకు 21 రోజుల గడువు కూడా పెట్టారు. కాబట్టి పక్క చెలకలో జేసీబీ దిగి హద్దు రాళ్లు పాతుతున్నప్పుడే మనం కదలాలి. దాని సంగతి చివర చెప్తాను.

వీటికి తోడు నాలా అనే మాట ఒకటి జనాన్ని బాగా తికమక పెడుతుంది. మా అక్క కొడుకు ఒకరోజు రంగురంగుల బ్రోచర్ తెచ్చి, "నాలా అయిపోయింది చిన్నమ్మా, ఇంకేం కావాలె?" అన్నాడు. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా రెవెన్యూ రికార్డులో మార్చడం. 2006 చట్టం ప్రకారం రుసుము కట్టించుకుని ఇస్తారు. అది లేఔట్ అనుమతి కాదు. మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారినట్టు కూడా కాదు. "బిడ్డా, ఎల్‌పీ నంబర్ ఏది, రెరా నంబర్ ఏది?" అని అడిగితే బ్రోచర్లో రెండూ లేవు. ఎల్‌పీ అంటే లేఔట్ పర్మిట్, రెరా అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ. ప్లాటు కొనేముందు ఆ రెండు నంబర్లు అడగడం ఎవరూ మరవొద్దు. 500 చదరపు మీటర్లు దాటిన ఏ లేఔట్ అయినా అమ్మకం మొదలుపెట్టే ముందు రెరాలో నమోదు కావాలి.

కామారెడ్డి, జగిత్యాల మనకు చూపింది

2022 చివర్లో కామారెడ్డి ముసాయిదా మాస్టర్ ప్లాన్ బయటికి వచ్చింది. అభ్యంతరాలకు 60 రోజులు ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల రైతులకు తమ పంట భూములు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని, 100 ఫీట్ల రోడ్డు తమ పొలాల్లోంచి పోతున్నదని అర్థమయ్యేసరికి చాలా రోజులు గడిచిపోయాయి. 2023 జనవరిలో కలెక్టరేట్ ముందు ధర్నా, బంద్ జరిగాయి. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ నెల 20న పాలకవర్గం ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాలలోనూ రైతులు రోడ్డెక్కారు, అక్కడి ముసాయిదా కూడా ఆగిపోయింది. అంతకుముందు 2022లో వరంగల్ చుట్టూ 27 గ్రామాల్లో కుడా ల్యాండ్ పూలింగ్ ప్రతిపాదన, అంటే రైతుల భూములు కలిపి తీసుకుని కొంత భాగం ప్లాట్లుగా తిరిగిచ్చే పథకం కూడా రైతుల నిరసనతోనే వెనక్కి పోయింది.

రైతులు పోరాడినందుకు నాకు గౌరవం ఉంది. కానీ ప్లాన్ రద్దు కావడంతో ఊరి పని అయిపోయినట్టు కాదు. వరంగల్‌కు 1972 నాటి మాస్టర్ ప్లానే దశాబ్దాల పాటు ఆధారమైంది. ఈలోపు ఊరు తన పాటికి తాను పెరిగింది. చెరువు శిఖాల్లోకి, అంటే రికార్డులో చెరువు కింద ఉన్న జాగలోకి, నాలాల మీదికి కాలనీలు వచ్చాయి. (ఈ నాలా అంటే వాన నీళ్లు పోయే కాల్వ, పైన చెప్పిన రెవెన్యూ నాలా కాదు.) ప్లాన్ లేని ఊళ్లో ఎవరి చెలక వాళ్లు ముక్కలు చేసి అమ్ముకుంటారు, ఒకరి రోడ్డు ఇంకొకరి రోడ్డుకు కలవదు, మోరీ నీళ్లు ఎక్కడికీ పోవు. నాకు కావాల్సింది మంచి ప్లాన్. అందుకే "మాకొద్దు" అని రాయడం కంటే "ఈ గీత ఇక్కడ కాదు, అక్కడ ఉండాలి, కారణం ఇది" అని రాయడం నేర్చుకోవాలంటాను.

పటం చదవడం

మున్సిపల్ ఆఫీసులో గోడకు ఫ్లెక్సీ కడతారు. దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుంటే సరిపోదు, సర్వే నంబర్లు కనపడవు. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పెద్ద సైజు కాపీ గానీ, కంప్యూటర్ ఫైలు గానీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకైతే 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి నోటీసు పడిన మొదటి రోజుల్లోనే పెట్టాలి. చివరి వారంలో పెడితే మనకు అక్కరకు రాదు.

కాపీ చేతికొచ్చాక ముందు రంగుల పట్టీ చూడండి. ఇండ్ల జోన్ పసుపు, పరిశ్రమలది ఊదా అని మామూలుగా ఉంటుంది గానీ, మీ పటం మూలన ఉన్న పట్టీయే ప్రమాణం. ఆకుపచ్చలో కూడా తేడాలుంటాయి. ఒక ఆకుపచ్చ వ్యవసాయానిది, ఇంకొకటి పార్కులకు, వినోదానికి కేటాయించినది. రెండో ఆకుపచ్చలో మీ పొలం పడితే రేపు అందులో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు. రెండు రంగులూ దగ్గరదగ్గరగా ఉంటే పటాన్ని పగటి వెలుగులో పట్టుకుని చూడండి, ట్యూబ్‌లైట్ కింద కాదు.

తర్వాత అసలు పని. మీ రెవెన్యూ గ్రామం నక్ష సంపాదించండి. సర్వే శాఖలో దొరుకుతుంది. మాస్టర్ ప్లాన్ పటం స్కేలు, గ్రామ నక్ష స్కేలు ఒకటి కావు. జిరాక్స్ షాపులో పెద్దదో చిన్నదో చేయించి రెండింటినీ ఒకే కొలతకు తేవాలి. ఎలా సరిపోల్చాలంటే: రెండు పటాల్లోనూ ఖాయంగా ఉండే మూడు గుర్తులు ఎంచుకోండి. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి ఒకటి, చెరువు కట్ట రెండు కొనలు రెండు. రోడ్డును గుర్తుగా తీసుకోకండి, అది వెడల్పు అయ్యేకొద్దీ జరుగుతుంది. గ్రామ నక్షను ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో దింపి మాస్టర్ ప్లాన్ పటం మీద పరచండి. రెండు గుర్తులు కలిసి మూడోది కలవకపోతే స్కేలు తప్పిందన్నమాట, మళ్లీ చేయాలి. మూడూ కలిశాక మీ సర్వే నంబరు చుట్టూ ఎర్ర పెన్నుతో గీయండి. అప్పుడు తెలుస్తుంది, కొత్త రోడ్డు మీ భూమిలో ఏ మూలన ఎక్కి ఏ మూలన దిగుతున్నదో.

ఇలా పరిచినప్పుడు నాకు తరచూ కనపడేదొకటి ఉంది. నక్షలో రెండు చుక్కల గీతలుగా ఉన్న బండ్ల బాట కొత్త పటంలో ఉండదు. ఉపగ్రహ ఫొటోలో ఆ బాట మీద గడ్డి మొలిచి ఉంటుంది, గీసినవాళ్లకు చేను లాగే కనిపిస్తుంది. ఆ బాట పోతే వెనకున్న పది పొలాలకు దారి పోతుంది. నక్ష బాట అని రికార్డులో ఉన్నదాన్ని ప్లాన్‌లో చూపించమని అడగడం మన హక్కు. అడిగితే పెద్దగా అడ్డు చెప్పరు కూడా.

నీళ్ల సంగతి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. మా పని అంతా ఇదే కనుక నేనూ నిదానంగానే చెప్తాను.

మన దగ్గర చెరువులు కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి, అంటే అదనపు నీళ్లు పొర్లిపోయే కట్టడం, దుంకితే ఆ నీళ్లు ఒర్రెలో, అంటే చిన్న వాగులో పడి కింది కుంటకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు పోతాయి. ఎండాకాలం చూస్తే ఆ ఒర్రె మూడడుగుల గుంత. దానికి సర్వే నంబరు ఉండకపోవచ్చు, పట్టా భూమిలోంచే పోతుండవచ్చు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హన్మకొండ నయీంనగర్ నాలా చుట్టూ కాలనీలు మునిగాయి. చిన్న మున్సిపాలిటీల్లో ఇంకా ఆ పరిస్థితి ముదరలేదు. ఇప్పుడే ఆపగలం.

ఒక చెరువుకు శిఖం అని రెవెన్యూ రికార్డులో కొంత విస్తీర్ణం రాసి ఉంటుంది. జనం, కొన్నిసార్లు ప్లాన్ గీసేవాళ్లు కూడా, ఆ శిఖం హద్దే చెరువు హద్దు అనుకుంటారు. కాదు. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే మేర ఎఫ్‌టీఎల్. అది ఒక మట్టం. మత్తడి పైఅంచు ఎంత ఎత్తులో ఉంటే ఎఫ్‌టీఎల్ అంత. ఆ ఎత్తుకు సమానంగా నేల ఎక్కడెక్కడ ఉందో అక్కడి దాకా నీళ్లొస్తాయి. అది శిఖం దాటి పట్టా భూముల్లోకి పోవడం మన ప్రాంతంలో మామూలే. "ఇది పట్టా భూమి, చెరువు కాదు" అని లేఔట్ వాళ్లు అంటే, పట్టా అయినంత మాత్రాన ఎఫ్‌టీఎల్ బయట ఉన్నట్టు కాదని చెప్పండి.

2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్‌లో దూరాలు స్పష్టంగా ఉన్నాయి. 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల వరకు కట్టడం కుదరదు. అంతకంటే చిన్న కుంటకైతే 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పున్న వాగు, కాల్వ, నాలాకు దాని హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే సన్నదానికి 2 మీటర్లు. ఈ నాలుగు అంకెలు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. మీ ఊరి చెరువు పేరు, విస్తీర్ణం పక్కన రాసుకోండి.

ఎఫ్‌టీఎల్ ఎక్కడుందో ఎలా రుజువు చేయాలి? మీ ప్రాంత నీటిపారుదల శాఖ డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఆఫీసులో చెరువు హైడ్రాలిక్ పార్టిక్యులర్స్ ఉంటాయి. ఎఫ్‌టీఎల్ మట్టం, కట్ట మట్టం, మత్తడి పొడవు, ఆయకట్టు అన్నీ అందులో ఉంటాయి. మిషన్ కాకతీయలో, అంటే చెరువుల పునరుద్ధరణ పథకంలో పని జరిగిన చెరువైతే అంచనా పత్రాల ఫైల్లో కూడా ఈ వివరాలు దొరుకుతాయి. సమాచార హక్కు దరఖాస్తులో "చెరువు వివరాలు ఇవ్వండి" అని రాయకండి. "ఫలానా చెరువు ఎఫ్‌టీఎల్ మట్టం, ఎఫ్‌టీఎల్ హద్దు పటం, హైడ్రాలిక్ పార్టిక్యులర్స్ నకళ్లు" అని రాయండి. అడిగిన కాగితానికి పేరుంటే ఇచ్చేవాళ్లకు తప్పించుకునే వీలుండదు.

కాగితం వచ్చేలోపు నేల చూసి రండి. చెరువు వెనక వైపు, అంటే కట్టకు ఎదురు దిక్కున, నల్లతుమ్మలు ఎక్కడి దాకా ఉన్నాయో చూడండి. తుంగ ఎక్కడ ఆగిపోయిందో చూడండి. మొన్నటి వానలకు కొట్టుకొచ్చిన చెత్త, గడ్డిపోచలు తుమ్మ కొమ్మలకు ఎంత ఎత్తులో చిక్కుకుని ఉన్నాయో చూడండి. ఆ ఎత్తు మీ మోకాలి దాకా ఉంటే, అక్కడ ప్లాటు రాయి పాతి ఉంటే, ఆ రెండూ ఒకే ఫొటోలో పడేట్టు తీయండి. ఫొటోలో తేదీ, స్థలం వచ్చేట్టు ఫోన్ సెట్టింగ్ పెట్టుకోండి. సర్వేయర్‌ను పిలిచి ఆటో లెవల్ అనే ఎత్తు కొలిచే పరికరంతో మత్తడి అంచు మట్టాన్ని ప్లాట్ల దాకా తెప్పిస్తే ఇంకా గట్టి ఆధారం. నలుగురు రైతులు కలిసి ఖర్చు పంచుకోవచ్చు.

ముసలివాళ్లను అడగడం మరవొద్దు. మా పక్క ఊరి పెద్దాయన ఒకాయన పటం మీద వేలు పెట్టి, "ఈడ ఒర్రె ఉంటది గదమ్మా, మత్తడి దుంకితే మా నడుములోతు వస్తుండె" అన్నాడు. పటంలో అక్కడ 40 ఫీట్ల రోడ్డు ఉంది. గ్రామ నక్ష పరిచి చూస్తే సన్నటి నీలి గీత కనపడింది. ఆయన మాట ఒక్కటే అయితే ఎవరూ వినరు. నక్షలోని గీత ఒక్కటే అయితే "ఇప్పుడు లేదు" అంటారు. రెండూ కలిపి, ఫొటోతో పెడితే సంబంధిత శాఖ జవాబు చెప్పక తప్పదు.

అభ్యంతరం రాసే తీరు

ఊరంతా సంతకాలు పెట్టిన ఒకే కాగితం బలమైనదని అనుకుంటాం. కానీ దాన్ని ఆఫీసులో ఒకే అభ్యంతరంగా లెక్కపెడతారు. ఎవరి సర్వే నంబరుకు వాళ్లు వేరుగా రాయండి. ఊరందరిదీ అయిన విషయానికి, చెరువు, శ్మశానం, బాట లాంటి వాటికి, ఉమ్మడిగా ఇంకొకటి రాయండి. ఒక కాగితంలో ఒకే విషయం ఉండాలి. నేను రాయించే పద్ధతి ఇది:

"కమిషనర్ గారికి. విషయం: ఫలానా తేదీ ప్రకటనలోని ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో, ఫలానా రెవెన్యూ గ్రామం, సర్వే నంబరు ఇంతలో చూపిన 60 ఫీట్ల రోడ్డుపై అభ్యంతరం, ప్రత్యామ్నాయ సూచన. పై సర్వే నంబరులో నాకు ఇన్ని ఎకరాల ఇన్ని గుంటల పట్టా భూమి ఉంది. ప్రతిపాదిత రోడ్డు నా భూమిని రెండు ముక్కలు చేస్తూ, తూర్పున ఉన్న ఒర్రెకు అడ్డంగా పోతున్నది. ఆ ఒర్రె ఫలానా చెరువు మత్తడి నీళ్లు పోయే దారి. దీనికి ఉత్తరాన గ్రామ నక్షలో ఉన్న బండ్ల బాటను వెడల్పు చేస్తే ఒర్రె చెడదు, పోయే పట్టా భూమి కూడా తగ్గుతుంది. కాబట్టి రోడ్డును ఆ బాట మీదికి మార్చాలని కోరుతున్నాను. తీసుకున్న నిర్ణయాన్ని కారణాలతో నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు. జతపరిచినవి: పట్టాదారు పాస్ పుస్తకం నకలు, గ్రామ నక్ష భాగం, ట్రేసింగ్, ఫొటోలు."

ఇందులో తిట్టు లేదు, బతిమాలుడు లేదు. అడిగింది ఒక్కటే, అది చేయగలిగింది. చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. రేపు హైకోర్టు దాకా పోవాల్సి వస్తే "మేము గడువులో అడిగాం, మాకు కారణం చెప్పలేదు" అనడానికి ఆధారం అదే.

కాగితం రెండు ప్రతులు తీసుకుపోండి. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. "పెట్టి పో అమ్మా, సార్ చూస్తడు" అంటే ముద్ర వేసేదాకా అక్కడే నిలబడండి. వేయకపోతే అదే రోజు పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి. ఆన్‌లైన్‌లో పంపే వీలుంటే అదీ చేయండి, కానీ ముద్ర పడిన ప్రతి ఉండాల్సిందే.

మీ వార్డు కౌన్సిలర్‌కు ఒక నకలు ఇవ్వండి. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు నాలుగు వార్డు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలి. మీ వార్డులో ఎవరున్నారో పేర్లు అడగండి. ముఖ్యంగా మహిళల కమిటీకి చెప్పండి. మోరీ నిండి ఇంట్లోకి నీళ్లొస్తే ఎత్తిపోసేది ఆడవాళ్లే. ఏ గల్లీలో ఎంత నీళ్లు నిలిచేదీ వాళ్లు గడప గడపకూ చెప్పగలరు.

విచారణకు పిలిస్తే

ఇద్దరు మాట్లాడండి, మిగతావాళ్లు కూర్చోండి. ట్రేసింగ్ పరిచిన పటాన్ని టేబుల్ మీద పెట్టి, వేలితో చూపిస్తూ చెప్పండి. ధరల గురించి మాట్లాడకండి. "మా భూమి రేటు పడిపోతది" అనేది నిజమే కావచ్చు గానీ ప్లానింగ్ అధికారి దాన్ని కారణంగా రాసుకోలేడు. నీళ్లు, దారి, ఎత్తు పల్లాలు, ఇప్పటికే ఉన్న ఇండ్లు, బడి, శ్మశానం, ప్రభుత్వ భూమి పక్కనే ఉండగా పట్టా భూమిని తీసుకోవడం, వీటిని ఆయన రాసుకోగలడు. ఆ రోజు జరిగిందంతా సాయంత్రమే ఒక కాగితం మీద రాసి, హాజరైనవాళ్లు సంతకాలు పెట్టండి.

లేఔట్ పక్కనే పడుతుంటే

లేఔట్‌కు రెండు దశలున్నాయి. మొదట తాత్కాలిక అనుమతి ఇస్తారు. ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుని, రోడ్లు, మోరీలు, కరెంటు, నీళ్లు అన్నీ వేశాక చూసి తుది అనుమతి ఇస్తారు. ఆ తర్వాతే తనఖా విడుదల చేస్తారు. మనం కాగితం పెట్టాల్సిన సమయం ఈ రెండు దశల మధ్య. మోరీ ఎటు పోయి ఎక్కడ కలుస్తున్నదో చూడండి. లేఔట్ హద్దు దగ్గర మోరీ ఆగిపోయి, దాని నీళ్లు మీ పొలంలోకి వదిలితే, ఫొటోతో కమిషనర్‌కు, జిల్లా టౌన్ ప్లానింగ్ అధికారికి, కలెక్టరేట్‌లో స్థానిక సంస్థల అదనపు కలెక్టర్‌కు రాయండి. సోమవారం ప్రజావాణిలో ఇస్తే రసీదు వస్తుంది.

పార్కు జాగ లెక్క మీరే చేయగలరు. 10 శాతం ఖాళీ స్థలం వదలాలి. 5 ఎకరాల లేఔట్ అంటే 24,200 గజాలు, అందులో 2,420 గజాలు, అంటే 20 గుంటలు. అది పటంలో ఉందా, నేల మీద ఉందా, ఉంటే ఎక్కడుంది చూడండి. హైటెన్షన్ తీగల కింద, బండ మీద, ఒర్రె ఒడ్డున వంకర ముక్కగా చూపించి ఉంటే అది పిల్లలు ఆడుకునే జాగ కాదు. ఆ స్థలాన్ని, రోడ్లను మున్సిపాలిటీ పేర గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయాలి. ఆ డాక్యుమెంట్ నంబరు సమాచార హక్కు కింద అడగండి. నంబరు లేకపోతే కొన్నేళ్లకు ఆ పార్కు కూడా ప్లాట్లుగా అమ్ముడుపోయే ప్రమాదం ఉంది.

పాత గ్రామ పంచాయతీ లేఔట్లలో, సర్పంచ్ ముద్ర మీద కొన్న ప్లాట్లయితే దారి వేరు. 2020 ఆగస్టు 26కు ముందు రిజిస్టర్ అయిన వాటికి ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఔట్ క్రమబద్ధీకరణ దరఖాస్తు పెట్టుకునే వీలిచ్చారు. అయితే చెరువులో, దాని చుట్టూ కట్టడం కుదరని బఫర్‌లో ఉన్నవాటికి క్రమబద్ధీకరణ ఉండదు. మీ దరఖాస్తు ఏ దశలో ఆగిందో, నీటిపారుదల శాఖ ఏమని రాసిందో అడిగి తెలుసుకోండి.

ఈ కాగితాలన్నిటికీ ఇంట్లో ఒకే ఫైలు పెట్టండి. పైన గ్రామ నక్ష, దాని కింద ట్రేసింగ్, తర్వాత ముద్ర పడిన అభ్యంతరం, పోస్టు రసీదులు, ఫొటోల ప్రింట్లు, తేదీల వరసలో. తుది ప్లాన్ వచ్చినప్పుడు అదే ట్రేసింగ్ మళ్లీ పరిచి చూడండి. మీరు అడిగిన గీత మారిందో లేదో అప్పుడు తెలుస్తుంది. మారకపోతే మీ అభ్యంతరం నంబరు వేసి, దానిపై నోట్ ఫైల్లో ఏం రాశారో నకలు ఇవ్వమని అడగండి.